అంటేదేది, అంటనిదేది: జబ్బు వచ్చిన దారి కనిపెట్టి అడ్డుకోవడం ఎలా

మా మేనత్తకు బొల్లి ఉండేది. చేతుల మీద, పెదవుల పక్కన తెల్లటి మచ్చలు. పండక్కి మా ఇంటికి వస్తే ఆమెకు వేరే కంచం, వేరే గ్లాసు. మమ్మల్ని ఎత్తుకోబోతే ఎవరో ఒకరు ఏదో వంక చెప్పి పక్కకు లాగేసేవాళ్లు. అదే ఇంటి వరండాలో మంచం మీద మా పెదతాతయ్య నెలల తరబడి దగ్గుతూ ఉండేవాడు. చుట్ట దగ్గు అనుకున్నారు అందరూ. మేం పిల్లలం ఆయన పక్కలోనే పడుకుని కథలు వినేవాళ్లం. చివరికి అది క్షయ అని తేలింది. మాలో ఇద్దరం ఆ తర్వాత నెలల పాటు టీబీ మందులు మింగాం.

బొల్లి ఎవరికీ అంటదు. క్షయ గాలి ద్వారా అంటుతుంది. ఈ చిన్న తేడా తెలియక మా ఇంట్లో ఒక మనిషిని ఏళ్ల తరబడి నొప్పించారు, ఇద్దరు పిల్లలు జబ్బుపడ్డారు. ఇలాంటి ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. అందుకే ఈ వ్యాసాన్ని ఒక వరుసలో, మీరు ఇంట్లో చేసుకునే పనుల్లా రాస్తున్నాను.

ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేయగానే మొదట అడగాల్సింది: దీని వెనక క్రిమి ఉందా, లేదా? బ్యాక్టీరియా, వైరస్, మలేరియా లాంటి పరాన్నజీవి, ఫంగస్, నులిపురుగు, వీటిలో ఏదో ఒకటి ఒంట్లోకి దూరి తెచ్చిన జబ్బు సాంక్రమిక వ్యాధి. అలాంటి క్రిమి లేకుండా అలవాట్ల వల్ల, తిండి వల్ల, నీళ్లలోని విషం వల్ల, చేసే పని వల్ల, వంశపారంపర్యంగా, వయసుతో వచ్చేవి అసాంక్రమిక వ్యాధులు. బీపీ, షుగర్, గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, ఆస్తమా, ఫ్లోరోసిస్ (నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని వంచే జబ్బు), సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు), రక్తహీనత ఈ రెండో రకంలోకి వస్తాయి.

క్రిమి ఉంటే రెండో ప్రశ్న: అది ఏ దారిన వచ్చింది? ఎక్కువ మంది ఇక్కడే పొరబడతారు. సాంక్రమిక వ్యాధి అనగానే ముట్టుకుంటే వస్తుందనుకుంటారు. డెంగీ రోగి పక్కన కూర్చున్నా, అతని కంచంలో తిన్నా మీకు డెంగీ రాదు. దోమ కుట్టాలి. ధనుర్వాతం గాయంలో పడ్డ మట్టి, మురికి నుంచి వస్తుంది కానీ మనిషి నుంచి మనిషికి రాదు. స్క్రబ్ టైఫస్ పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి లాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. జ్వరంతో పాటు చంకలోనో, నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే డాక్టరుకు తప్పక చూపించండి. ఆ పొక్కు చూస్తే జబ్బేమిటో వాళ్లు త్వరగా పోల్చుకోగలరు.

ఒకేసారి చాలామందికి వచ్చింది కాబట్టి అంటువ్యాధే అనుకోవడం ఇంకో పొరపాటు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రిలో చేరారు. కరోనా రోజులు కావడంతో ఊరంతా హడలిపోయింది. ఎయిమ్స్‌లో రక్త నమూనాలు పరీక్షిస్తే సీసం, నికెల్ కనిపించాయి. అది ఒకరి నుంచి ఒకరికి అంటిన జబ్బు కాదు. చాలామంది ఒకేసారి పడిపోయినప్పుడు 'ఎవరు ఎవరిని కలిశారు' అని అడగడంతో పాటు 'అందరూ ఏం తాగారు, ఏం తిన్నారు' అని కూడా అడగాలి.

దోమ దారి మూయండి: వారానికోసారి, అరగంట

మన రెండు రాష్ట్రాల్లో వానాకాలం జ్వరాల్లో చాలావాటికి మూలం ఇదే. సికింద్రాబాద్‌లోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అప్పటిదాకా చెడు గాలి వల్ల వస్తుందనుకున్న జ్వరం దోమ వల్ల వస్తుందని మన ఊళ్లోనే తేలింది. ఆ మాట తేలి నూట పాతికేళ్లు దాటినా మన పెరట్లో గాబు మీద మూత ఉండటం లేదు.

డెంగీ దోమను గుర్తుపట్టడం తేలిక. నల్లటి ఒంటి మీద తెల్ల చారలుంటాయి. పగలు కుడుతుంది, పొద్దున, చీకటి పడేముందు మరీ ఎక్కువ. మురికి కాలవలో కంటే మన ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్లలోనే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. గుడ్డు దోమగా మారి ఎగరడానికి దాదాపు 7 నుంచి 10 రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఈ లెక్క మీదే. వారానికోసారి నీళ్లు పారబోస్తే దోమ ఎగిరేలోపే దాని పని అయిపోతుంది.

శుక్రవారం వీలు కాకపోతే ఆదివారం పెట్టుకోండి. పిల్లల్ని వెంటేసుకుని ఇల్లంతా తిరగండి. ఎయిర్ కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం, మనీప్లాంట్ సీసా, పిట్టలకు పెట్టే నీళ్ల గిన్నె, పెరట్లో వాడకుండా పడున్న రోలు, గోలెం, డ్రమ్ము, పాత టైరు, కొబ్బరి చిప్పలు, మేడ మీద ట్యాంకు మూత. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచు దగ్గర గోడకు అతుక్కుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు పడగానే పిల్లలవుతాయి. కాబట్టి లోపలి గోడల్ని కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడగండి. పారబోయలేని సంపు, ట్యాంకులకు సందు లేకుండా మూత పెట్టండి. వీధిలో పొగ కొట్టారు కదా అని ఊరుకోవద్దు. ఆ పొగ ఎగిరే దోమల్ని చంపుతుంది, మీ కూలర్‌లో ఈదుతున్న లార్వాలను ముట్టుకోదు.

మలేరియా దోమ రాత్రి కుడుతుంది కాబట్టి దానికి దోమతెర మంచి మందు. ఏజెన్సీ గ్రామాల్లో మందు పూసిన దోమతెరలు ఇస్తారు. వాటిని చేపలు పట్టడానికి, పాదులకు కంచెగా కట్టడానికి వాడకండి.

డెంగీ జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్ర వేయవద్దు. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. నీళ్లు, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు బాగా తాగించండి. జ్వరం తగ్గగానే హమ్మయ్య అనుకుంటాం, కానీ అసలు ప్రమాదం మొదలయ్యేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఒక్కటి కనిపించినా ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

నీళ్ల దారి

టైఫాయిడ్, కలరా, విరేచనాలు, తిండి నీళ్ల వల్ల వచ్చే పచ్చకామెర్లు, ఇవన్నీ ఒకరి మలం ఇంకొకరి నోట్లోకి చేరడం వల్ల వచ్చేవే. వినడానికి రోతగా ఉన్నా సంగతి అదే. వానాకాలంలో తాగునీటి పైపు మురుగు కాలవలోంచి పోయే వీధి అయితే నీళ్లు తెర్లేదాకా కాచండి, బుడగలు వచ్చాక ఇంకో నిమిషం ఉంచండి. కట్టెలు, గ్యాస్ కుదరకపోతే ఆశా కార్యకర్త దగ్గర క్లోరిన్ మాత్రలు అడగండి. ప్యాకెట్ మీద రాసినంత నీటిలో వేసి అరగంట ఆగి తాగండి. బిందెలో చెయ్యి ముంచకుండా పొడవు కాడ గరిటె వాడండి. దొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు, పిల్లలకు తినిపించే ముందు సబ్బుతో చేతులు కడగండి. నీళ్లతో కడిగితే చాలదు.

పిల్లలకు విరేచనాలైతే నీళ్లు ఆపేయడం చాలా ఇళ్లలో చూశాను. దయచేసి అలా చేయకండి. ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపండి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు అని కలిపితే పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. చెంచాతో కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. తల్లిపాలు ఆపవద్దు.

జ్వరం వచ్చిన మర్నాడే విడాల్ పరీక్ష చేసి 'టైఫాయిడ్ పాజిటివ్' అని వారం రోజులు సెలైన్లు ఎక్కించే పద్ధతి మన ఊళ్లలో మామూలైపోయింది. ఆ పరీక్షను మొదటి రోజుల్లో నమ్మలేం. రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష చేయించమని అడిగే హక్కు మీకుంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే అడగండి.

గాలి దారి

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా సరే తెమడ పరీక్ష చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు తీసుకోరు. సాయంత్రం పూట సన్న జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం ఉంటే రెండు వారాలు కూడా ఆగొద్దు. టీబీ అని తేలితే మందులు ఉచితం, పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తారు. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. రెండో నెలకే ఒళ్లు తేలికపడుతుంది, అప్పుడే చాలామంది మానేస్తారు. అలా మానేస్తే క్రిమి మందుకు లొంగని రకంగా మారి మళ్లీ లేస్తుంది.

టీబీ రోగికి కంచం వేరు చేయక్కర్లేదు. కిటికీలు తెరవండి, గాలీ వెలుతురూ రానివ్వండి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. మందులు మొదలైన కొన్ని వారాలపాటు చిన్నపిల్లల్ని ఆ గదిలో పడుకోబెట్టకండి. ఇంట్లో మిగతా అందరికీ పరీక్ష చేయించండి, మాకు అప్పట్లో ఈ మాట చెప్పినవాళ్లే లేరు.

కుక్క కరిస్తే: మొదటి పావుగంట

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. కానీ రాకుండా ఆపడం పూర్తిగా మన చేతుల్లో ఉంది. కరిచిన చోట, గీరిన చోట కూడా, కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికి వేస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. రక్తం వచ్చేలా కరిస్తే గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అక్కడే అడ్డుకునే మందు) కూడా వేయాలి, అడిగి వేయించుకోండి. ఇంట్లో పెంచుకునే కుక్కపిల్లే కదా అని వదిలేయొద్దు.

రక్తం దారి, టీకాల పుస్తకం

హెపటైటిస్ బి, హెచ్ఐవీ రక్తం ద్వారా, కలయిక ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. కలిసి భోంచేస్తే రావు. మీరు చూసుకోవాల్సింది ఇంజెక్షన్ సూది కొత్తదా, మంగలి షాపులో బ్లేడు మార్చారా, జాతరలో పచ్చబొట్టు పొడిచే సూది ఎంతమందికి గుచ్చింది అన్నవి. కొత్తవారితో కలయికలో కండోమ్ వాడాలి.

హెపటైటిస్ బి టీకా పుట్టిన 24 గంటల్లోపే పడాలి. ఒకప్పుడు విదేశాల నుంచి తెచ్చుకునే ఈ టీకా ఖరీదు సామాన్యుడికి అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దీన్ని మన దేశంలో తయారుచేశాక చవకైంది. పిల్లల టీకాల కార్డును రేషన్ కార్డుతో పాటు దాచండి. 9 నెలలు నిండాక ఇచ్చే తట్టు, రుబెల్లా టీకా, 16 నెలల తర్వాత ఇచ్చే దాని రెండో డోసు ఎక్కువమంది మరిచిపోయేవి. ఇక తట్టు, ఆటలమ్మ వచ్చినప్పుడు వేపాకు పెట్టుకోండి, అమ్మవారికి మొక్కుకోండి, ఎవరూ కాదనరు. బిడ్డకు ఆయాసం, ఫిట్స్, వదలని జ్వరం ఉంటే మాత్రం అమ్మవారు దిగేదాకా ఆగకండి.

క్రిమి లేని జబ్బులకు దారి మూయడం కుదరదు, లెక్క రాసుకోవాలి

సాంక్రమిక వ్యాధి చాలావరకు జ్వరంతోనో, దగ్గుతోనో తలుపు తట్టి వస్తుంది. బీపీ, షుగర్ అలా రావు. ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండా కిడ్నీని, కంటిని, గుండెను తినేస్తాయి. కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే పరీక్ష చేయించుకోవాలి. 30 ఏళ్లు దాటిన వాళ్లకు ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో, పట్నంలో బస్తీ దవాఖానాలో ఉచితంగా చూస్తారు. బీపీ చూపించుకునే ముందు అరగంట టీ, చుట్ట మానేసి, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోండి. వేర్వేరు రోజుల్లో 140/90 లేదా ఆపైన వస్తే బీపీ ఉన్నట్టే. పరగడుపున షుగర్ 126 లేదా ఆపైన వస్తే మళ్లీ పరీక్షతో నిర్ధారించుకోవాలి. గోడ క్యాలెండర్ మీదే రాసిపెట్టుకోండి, మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించండి. 'బీపీ తగ్గింది కదా' అని మాత్ర మానేయకండి. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే తగ్గింది.

ఉప్పు లెక్క ఇలా చూడండి. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్లు వస్తోందో ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాసి చూసుకోండి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండు చేపల్లోని ఉప్పు ఈ లెక్కలో పడలేదు, కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ రోజులు రావాలి. ఆవకాయ మానమని నేనెవరికీ చెప్పలేను. పూటపూటా కాకుండా, బద్ద ఒకటి చాలు. కంచంలో అన్నం తగ్గించి పప్పు, కూర, ఆకుకూర పెంచండి. వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు, వేగంగా నడవండి.

పొగాకు గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్లు నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. అంగిలి క్యాన్సర్‌కు అది నేరుగా దారి. గుట్కా, ఖైనీ కూడా అంతే. నోట్లో మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం కనిపిస్తే పళ్ల డాక్టరుకైనా చూపించండి.

నీళ్లలోని విషం సంగతి వేరు. నల్గొండ, ప్రకాశం జిల్లాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎన్ని తరాల ఎముకల్ని వంచిందో మనందరికీ తెలుసు. ఇక్కడ క్రిముల కోసం చేసే ఉపాయం పనికిరాదు. నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైపోయిన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. కొత్త బోరు వేస్తే నీటిని పరీక్షకు పంపండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి, వంటకు వాడొద్దు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు, కానీ అది అంటువ్యాధి కాదు. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి జంకేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. అక్కడి వాళ్లు ఏడాదికోసారి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోవాలి, ఎండలో పనిచేసేటప్పుడు నీళ్లు తాగుతూ ఉండాలి, ఒళ్లు నొప్పులకు షాపులో మాత్రలు కొని మింగడం ఆపాలి.

మేనరికాలు చేసుకునే కుటుంబాలు, సికిల్ సెల్ ఎక్కువగా కనిపించే ఏజెన్సీ ప్రాంతాల వాళ్లు పెళ్లికి ముందే ఇద్దరికీ రక్త పరీక్ష చేయించుకోండి. జాతకాలు చూసే రోజునే ఆ పని కూడా పెట్టుకుంటే సరి.

రెండూ కలిసే చోట్లు

ఈ రెండు రకాలూ వేర్వేరు గదుల్లో ఉండవు. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ, కాబట్టి ఒకటి ఉంటే రెండోదానికీ పరీక్ష చేయించాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఇంకొకరికి అంటదు, దాన్ని తెచ్చే హెచ్‌పీవీ వైరస్ అంటుతుంది. అందుకే ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య టీకా వేయించండి, తల్లులు 30 దాటాక పరీక్ష చేయించుకోండి. చిన్నపిల్లల్లో గొంతునొప్పి పదేపదే వస్తూ కీళ్లు వాచితే గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అది చిన్న జలుబని వదలకండి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఇక్కడ తలుచుకోవాలనిపిస్తుంది. ఆయన బృందం పనిలోంచే బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర వచ్చింది, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా వచ్చింది. ఏటా ఇంటికి వచ్చి ఆ బోదకాలు మాత్రలు ఇచ్చినప్పుడు జేబులో వేసుకోకుండా వాళ్ల ఎదుటే మింగండి.

ఇంట్లో రోగి ఉంటే ఎవరిని దూరంగా ఉంచాలి

తట్టు, ఆటలమ్మ, ఫ్లూ, మందులు మొదలుపెట్టి ఇంకా కొన్ని వారాలు కాని ఊపిరితిత్తుల టీబీ, వీళ్లకు కొన్నాళ్లు వేరే గది మంచిది. విరేచనాల రోగికి గది వేరు అక్కర్లేదు, మరుగుదొడ్డి శుభ్రం, చేతుల శుభ్రం కావాలి. డెంగీ, మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టండి, ఆయన్ని కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టకుండా ఉంటుంది. కుష్ఠు రోగి మందులు మొదలుపెట్టాక త్వరలోనే ఇతరులకు అంటించే స్థితి పోతుంది. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచకుండా చూపించండి, మందులు ఉచితం.

బొల్లి, సోరియాసిస్, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ ఉన్నవాళ్లను ఒకే బంతిలో, మీ పక్కనే కూర్చోబెట్టండి. వాళ్ల చేత్తో పిల్లలకు ముద్దలు పెట్టించండి. మూర్ఛ వచ్చి పడిపోయిన మనిషిని ముట్టుకోవడానికి జంకకండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.